భూ వినియోగ అనుమతుల మీద కోర్టు కేసు త్వరగా తేలాలంటే: గోదావరి డెల్టా వాసులకు సమగ్ర మార్గదర్శి

దాళ్వా (రెండో పంట) కోతలు అయ్యాక కాలువలు కట్టేస్తారు. చేలు ఆరి, పొక్లెయిన్లు దిగడానికి వీలయ్యే ఆ కొద్ది వారాల్లోనే గోదావరి డెల్టాలో కొత్త రొయ్యల చెరువులు తవ్వుతారు, లేఅవుట్లకు మెరక తోలుతారు, పంట బోదెలు పూడుస్తారు. సరిగ్గా అదే కాలంలో, మే నెలలో, కోర్టులకు వేసవి సెలవులు వస్తాయి. పక్క చేనుకు చెరువు అనుమతి వచ్చిందని ఫిబ్రవరిలోనే తెలిసినా, ముందు పెద్దమనుషుల్లో పెడదామని రెండు నెలలు గడిపి, యంత్రం గట్టు మీదికి వచ్చిన రోజున న్యాయవాది దగ్గరికి పరుగెత్తుకొచ్చే రైతులను నేను ఇరవై ఏళ్ళకు పైగా చూస్తున్నాను. పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళడం తప్పు కాదు, కానీ ఆ రెండు నెలలు కోర్టు లెక్కలో మీ ఆలస్యంగానే నమోదవుతాయి.

కోర్టుల్లో కేసులు ఏళ్ళ తరబడి నలుగుతాయన్న మాట నిజమే. అయితే భూ వినియోగ అనుమతుల కేసుల్లో ఆలస్యం ఎక్కువగా కోర్టు హాలులో పుట్టదని నా అనుభవం చెబుతోంది. ఉత్తర్వు ప్రతి చేతికి రాని రోజుల్లో, తప్పు వేదికకు వెళ్ళిన నెలల్లో, చేర్చవలసిన పార్టీని చేర్చని పిటిషన్లో, ఎవరూ అందించని నోటీసులో అది పుడుతుంది. ఇవన్నీ మన చేతిలో ఉన్నవే. అందుకే ఈ మార్గదర్శిలో వాదనల గురించి తక్కువగా, వాదనకు ముందూ వెనకా జరగవలసిన పనుల గురించి ఎక్కువగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఏ ఉత్తర్వు, ఎవరు ఇచ్చారు

ఊళ్ళో అందరూ "పంచాయతీ పర్మిషన్ ఇచ్చేసింది" అంటారు. ఆ మాటను ఆధారం చేసుకుని కేసు వేయకూడదు. లేఅవుట్ అయితే సాంకేతిక ఆమోదం టౌన్ ప్లానింగ్ శాఖ నుంచో పట్టణాభివృద్ధి సంస్థ నుంచో వస్తుంది, దాని మీద ఎల్‌పీ (లేఅవుట్ ప్లాన్) నంబరు ఉంటుంది, తుది విడుదల పంచాయతీ చేస్తుంది. చేపల చెరువో రొయ్యల చెరువో అయితే జిల్లా స్థాయి కమిటీ, మత్స్య శాఖ ఇందులోకి వస్తాయి. సముద్రం, నదీ పాయలు, క్రీకుల పోటు గరిష్ఠ రేఖ నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉప్పునీటి సాగు అయితే 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ జోన్‌ను నివాస జోన్‌గా మార్చారంటే, 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం కిందనో 2016 నాటి పట్టణాభివృద్ధి సంస్థల చట్టం కిందనో ప్రభుత్వ నోటిఫికేషన్ ఉండి తీరాలి. 2006 నాటి నాలా చట్టం (వ్యవసాయ భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్చే చట్టం) కింద రెవెన్యూ అధికారులు ఇచ్చిన పాత మార్పిడి ఉత్తర్వులు వీటన్నిటికీ వేరు. ఒకే నేల మీద మూడు నాలుగు ఉత్తర్వులు ఉండడం ఇక్కడ మామూలు విషయం. వాటిలో అసలు పునాది ఏదో పట్టుకోకుండా పై కాగితాన్ని మాత్రమే సవాలు చేస్తే, కేసు గెలిచినా పని ఆగదు.

నా వృత్తి తొలి ఏళ్ళలో నేనే ఈ పొరపాటు చేశాను. రాజోలు వైపు ఒక ఊరిలో మురుగు కాలువ గట్టును ఆనుకుని వేసిన లేఅవుట్ మీద, పంచాయతీ తీర్మానం నకలు కూడా చూడకుండా, తొందరపడి రిట్ (అధికారుల చర్యను ప్రశ్నిస్తూ హైకోర్టులో వేసే పిటిషన్) వేయించాను. ఎనిమిది నెలలకు కౌంటరు (ఎదుటి పక్షం రాతపూర్వక జవాబు) వచ్చింది. తాము చేసింది విడుదల మాత్రమేనని, ప్లాన్ ఆమోదించింది పై కార్యాలయమని పంచాయతీ అందులో చెప్పింది. పిటిషన్ సవరించి, కొత్త పార్టీలను చేర్చి, వారికి నోటీసులు అందించే సరికి మరో ఏడాది పోయింది. ఈలోగా ఆ లేఅవుట్‌లో పదకొండు ఇళ్ళకు స్లాబులు పడ్డాయి. ఆ పదకొండు కుటుంబాలూ కష్టార్జితం పెట్టి ప్లాట్లు కొన్నవే కాబట్టి, ఆ తర్వాత ఏ న్యాయమూర్తికైనా చెయ్యి ఆడడం కష్టమైంది. పది రోజులు ఆగి కాగితాలు తెచ్చుకుని ఉంటే దాదాపు రెండేళ్ళు మిగిలేవి.

కాగితాలు తెచ్చుకునే దారులు రెండున్నాయి, రెండూ ఒకే రోజున మొదలుపెట్టాలి. ఒకటి, ఆ కార్యాలయానికి ధ్రువీకరించిన నకలు కోసం దరఖాస్తు. రెండోది, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో సమాచార దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు కాబట్టి "సమాచారం ఇవ్వండి" అని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. ఫైలును స్వయంగా పరిశీలించే హక్కును కూడా అదే దరఖాస్తులో కోరండి. ఫైలు ముందు కూర్చున్నప్పుడు నోట్ ఫైలు (అధికారులు తమ అభిప్రాయాలు రాసే పేజీలు) చూడాలి. డ్రైనేజీ విభాగం అభ్యంతరం చెప్పిందా, వ్యవసాయ శాఖ అభిప్రాయం అడిగారా, స్థల పరిశీలన నివేదిక మీద తేదీ ఉత్తర్వు తేదీకి ముందుదా తర్వాతదా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం కేసు దొరికినట్టే. ఉత్తర్వు మీకు ఏ రోజున తెలిసిందో, ఏ రోజున చేతికి వచ్చిందో చెప్పే కవరును, తపాలా ముద్రతో సహా, పారేయకుండా దాచండి.

రెండో మెట్టు: ఏ తలుపు తట్టాలి

ఇక్కడ తప్పు చేస్తే పోయే కాలమే అన్నిటికన్నా ఎక్కువ, అందుకే కొంచెం విస్తారంగా చెబుతాను.

ముందుగా, ఉత్తర్వు ఇచ్చిన చట్టంలోనే అప్పీలు ఉందా అని చూడాలి. ఉంటే, ఎవరికి, ఎన్ని రోజుల్లో అన్నది ఆ సెక్షన్లోనే ఉంటుంది. అప్పీలు ఉండగా నేరుగా హైకోర్టుకు వెళితే "ముందు అప్పీలు వేసుకోండి" అని పంపించే అవకాశమే ఎక్కువ, అప్పటికి అప్పీలు గడువు దాటి ఉంటుంది. అయితే దీనికి మినహాయింపులున్నాయి. ప్రాథమిక హక్కుకు భంగం కలిగినప్పుడు, నోటీసు ఇవ్వకుండా, మాట వినకుండా ఉత్తర్వు ఇచ్చినప్పుడు, అసలు అధికార పరిధే లేని అధికారి ఉత్తర్వు ఇచ్చినప్పుడు, చట్టం చెల్లుబాటునే ప్రశ్నిస్తున్నప్పుడు ప్రత్యామ్నాయ మార్గం ఉన్నా రిట్ వేయవచ్చునని సుప్రీంకోర్టు 1998లో వర్ల్‌పూల్ కేసులో స్పష్టం చేసింది. మీ కేసు ఈ నాలుగింటిలో దేని కిందకు వస్తుందో పిటిషన్ మొదటి రెండు పేరాల్లోనే చెప్పాలి. ఇరవయ్యో పేరాలో దాచిపెడితే, మొదటి వాయిదాలోనే ఆ ప్రశ్న వచ్చినప్పుడు తడుముకోవలసి వస్తుంది.

వాస్తవాల మీద వివాదం లేకుండా, ఉత్తర్వు చట్టానికి విరుద్ధమన్నదే మీ ఫిర్యాదు అయితే అమరావతిలోని హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ తగిన దారి. "నా చేనులోకి ఉప్పునీరు ఊరుతోంది", "మా బోదె ఇక్కడి నుంచి పోయేది" వంటి వాస్తవాలను సాక్షులతో నిరూపించవలసి వస్తే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) దావా తగినది. కోస్తా నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్, తీరం వెంట ఆంక్షలున్న ప్రాంతం) నిబంధనల ఉల్లంఘన, నీటి కాలుష్యం వంటివి ప్రధానాంశమైతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం ఉంది. ట్రిబ్యునల్ పరిధిలోని విషయాలను సివిల్ కోర్టు విచారించకూడదని 2010 నాటి హరిత ట్రిబ్యునల్ చట్టం 29వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, కాలుష్యమే అసలు ఫిర్యాదు అయినప్పుడు మున్సిఫ్ కోర్టులో దావా వేసి కూర్చుంటే పరిధి మీదే ఏళ్ళు గడిచిపోతాయి. అలాగని ప్రతి దానికీ ట్రిబ్యునల్ కాదు. దాని మొదటి షెడ్యూల్లో పర్యావరణ పరిరక్షణ చట్టం, నీటి కాలుష్య చట్టం, అటవీ సంరక్షణ చట్టం వంటివి ఉన్నాయి గాని, టౌన్ ప్లానింగ్ చట్టం లేదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా లేదు. కొల్లేరులో 1999లో 120వ నంబరు జీవోతో అభయారణ్యంగా ప్రకటించిన 5వ కాంటూరు (సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తును చూపే గీత) లోపల తవ్వకమంటే అందరికీ ట్రిబ్యునలే గుర్తొస్తుంది. ఫిర్యాదు వన్యప్రాణి చట్టం మీద మాత్రమే నిలబడి ఉంటే హైకోర్టే సరైన చోటు.

"మాకు ఈ కేసు వేసే హక్కు ఉందా?" అని చాలామంది సంకోచిస్తారు. పక్క చేను రైతుకు, ఆ వీధి నివాసికి ఉంది. ఉడిపిలో నివాస ప్రాంతంలో సినిమా హాలుకు ఇచ్చిన అనుమతిని 1974లో కె. రామదాస్ షెణై కేసులో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, పథకానికి విరుద్ధంగా అనుమతి ఇస్తే ఆ ప్రాంత నివాసి ప్రశ్నించవచ్చునని చెప్పింది. పార్కు స్థలాన్ని ఆసుపత్రికి ఇవ్వడం మీద 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులోనూ అదే మాట. కాబట్టి మీకు నేరుగా నష్టం కలుగుతున్నప్పుడు ప్రజాప్రయోజన వ్యాజ్యం అన్న పెద్ద పేరు పెట్టుకోవద్దు. దానికి వేరే నియమాలు, వేరే ధర్మాసనం, ముందుగా మీ ఉద్దేశాల మీదే విచారణ ఉంటాయి. ఇద్దరు ముగ్గురు బాధిత రైతులు పిటిషనర్లుగా వేసే మామూలు రిట్ ఏక న్యాయమూర్తి ముందు త్వరగా నడుస్తుంది. ఊరి చెరువు, పుంత, కాలువ పోరంబోకు వంటి ఉమ్మడి భూమి అయితే 2001 నాటి హించ్‌లాల్ తివారీ, 2011 నాటి జగ్‌పాల్ సింగ్ తీర్పులు మీకు గట్టి అండ.

మూడో మెట్టు: గడువులు

రిట్‌కు చట్టంలో నిర్ణీత గడువు లేదు. అదే ప్రమాదం. గడువు లేదు కదా అని ఆగినవారికి, ఆగిన ప్రతి వారానికీ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. పని మొదలు కాకముందు వచ్చినవారికీ, సగం తవ్వాక వచ్చినవారికీ కోర్టు ఒకే చూపు చూడదు. సింగిల్ జడ్జి తీర్పు మీద రిట్ అప్పీలుకు 30 రోజులు. సివిల్ దావా తీర్పు మీద జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు.

ట్రిబ్యునల్లో లెక్క కఠినం. 14వ సెక్షన్ కింద దరఖాస్తుకు, వివాదానికి కారణం మొదట ఏర్పడిన రోజు నుంచి 6 నెలలు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. 16వ సెక్షన్ కింద అప్పీలుకు ఉత్తర్వు తెలిసిన రోజు నుంచి 30 రోజులు, ఆపై 60 రోజులు మాత్రమే, తర్వాత ఎంత న్యాయమైన కారణం ఉన్నా తలుపు మూసుకుంటుంది. పరిహారం, పునరుద్ధరణ కోరే 15వ సెక్షన్‌కు 5 ఏళ్ళు ఉన్నాయి.

కోర్టు తీర్పు ధ్రువీకరించిన నకలు వెనక్కి తిప్పి చూడండి. దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ అని వరుసగా ముద్ర ఉంటుంది. నకలు తయారీకి పట్టిన కాలాన్ని అప్పీలు గడువు నుంచి మినహాయించమని 1963 నాటి పరిమితి చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. కానీ స్టాంపులు అడిగిన నాటి నుంచి మీరు దాఖలు చేసిన నాటి వరకు జరిగిన జాప్యం మీ ఖాతాలోనే పడుతుంది. సిద్ధమైన నకలును వారం తర్వాత వెళ్ళి తెచ్చుకుంటే ఆ వారమూ మీదే. అప్పీలు ఆలస్యం అయిందంటే ముందు ఆలస్యం మన్నింపు పిటిషన్ నడవాలి. దాని మీద నోటీసు, కౌంటరు, విచారణ అయ్యాకే అసలు అప్పీలుకు నంబరు పడుతుంది. మూడు రోజుల నిర్లక్ష్యానికి ఏడాది మూల్యం చెల్లించిన అప్పీళ్ళను నేను ఎరుగుదును.

నాలుగో మెట్టు: రుజువులు, యంత్రం దిగకముందే

నీరు, నేల సాక్ష్యాలు నిలవవు. రొయ్యల చెరువు పక్కన వరి చేను ఎలా మారుతుందో దగ్గరగా చూసినవారికి తెలుసు. ముందుగా గట్టు వారన రెండు మూడు వరసల దుబ్బులు ఎదగక గిడసబారతాయి, ఆకుల కొసలు ఎర్రబారి ఎండుతాయి, దాళ్వా కోసి నేల ఆరాక గట్టు అడుగున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. తొలకరి వానలకు ఆ తెలుపు కరిగిపోతుంది. జూలైలో కోర్టు పంపిన కమిషనరు వస్తే చూపించడానికి ఏమీ ఉండదు.

అందుకని అనుమతి వచ్చిందని తెలిసిన వారంలోనే మట్టి నమూనాలు తీయాలి: గట్టు వారన ఒకటి, చేను మధ్యలో ఒకటి, దూరపు హద్దు దగ్గర ఒకటి. మండల వ్యవసాయాధికారి ద్వారా భూసార పరీక్షా కేంద్రానికి పంపి, ఈసీ (ఉప్పదనం కొలత), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) విలువలున్న నివేదిక తెచ్చుకోవాలి. చెరువు రాకముందు విలువ చేతిలో ఉన్నప్పుడే చెరువు వచ్చాక విలువకు అర్థం ఉంటుంది. బోరు నీటికీ ఇదే పద్ధతి. ఫొటోల్లో తేదీ, స్థలం నమోదయ్యేలా తీసి, ఆ ఫోనును జాగ్రత్తగా ఉంచుకోవాలి. సివిల్ దావాలో ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్‌తో) ధ్రువపత్రం జత చేయాలి కాబట్టి, వాట్సాప్‌లో నాలుగు చేతులు మారిన ఫొటోకు విలువ తగ్గుతుంది.

రెవెన్యూ కాగితాల్లో ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం), ఆర్ఎస్ఆర్ (సర్వే నంబర్ల వారీ భూమి రిజిస్టరు), గ్రామ పటం, గత కొన్నేళ్ళ అడంగల్ (సాగు, పంటల రికార్డు) ఉండాలి. ఈ భూమిలో రెండు పంటలు పండుతున్నాయని అడంగల్ చెబుతుంది, "బీడు భూమి" అన్న దరఖాస్తుదారు మాటకు ఒక్క పేజీ జవాబు అదే. మురుగు కాలువ అంశం ఉంటే జలవనరుల శాఖ డ్రైనేజీ విభాగం పటం తెచ్చుకోండి, నీటి సంఘం తీర్మానం ఉంటే జత చేయండి. యనమదుర్రు వంటి డ్రెయిన్ల పరీవాహకంలో వాన వచ్చినప్పుడు ఎన్ని రోజులు నీరు నిలుస్తుందో ఊరందరికీ తెలుసు. ఊరందరికీ తెలిసినదాన్ని కాగితం మీదికి తేవడమే ఇక్కడ మన పని.

అభ్యంతరం తెలిపే దశలోనే ఇవన్నీ పెట్టగలిగితే అంతకు మించిన వేగం లేదు. ముసాయిదా నోటిఫికేషన్ మీద అభ్యంతరాలకు ఇచ్చిన గడువులో, రసీదుతో, అంశాల వారీగా రాతపూర్వకంగా ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్ అర్జీలో ఇచ్చినదానికీ నంబరు తీసుకోండి. అధికారి ఆ అభ్యంతరాలకు జవాబు చెప్పకుండా ఉత్తర్వు ఇస్తే, ఆ మౌనమే మీ రిట్‌కు మొదటి కారణం అవుతుంది. ఉత్తర్వులో లేని కారణాలను తర్వాత అఫిడవిట్లలో అతికించడానికి వీల్లేదని 1977 నాటి మొహీందర్ సింగ్ గిల్ తీర్పు చెప్పిన సూత్రం ఇలాంటి చోటే పనికొస్తుంది.

ఐదో మెట్టు: పిటిషన్ రాయడం

తక్కువ రాయండి. ఊళ్ళో పాత పగలు, ఎన్నికల గొడవలు, ఎవరు ఎవరికి బంధువన్నది పిటిషన్లో పెడితే ఎదుటివారికి కౌంటరు రాయడానికి విషయం దొరుకుతుంది, కేసు పొడుగవుతుంది. మూడు గట్టి అంశాలు చాలు. తేదీల పట్టికను ఒక పేజీలో ముందే ఇవ్వండి. మెటీరియల్ పేపర్లలో (పిటిషన్‌కు జత చేసే పత్రాల్లో) తెలుగు పత్రాలకు ఇంగ్లీషు అనువాదం జత చేయండి. చదవడానికి వీలులేని జిరాక్సు ఉంటే మళ్ళీ టైపు చేయించండి. రిజిస్ట్రీ ఆఫీసు అభ్యంతరాలతో కట్ట తిరిగి రావడానికి ఎక్కువగా ఇలాంటివే కారణాలు.

అనుమతి పొందిన వ్యక్తిని తప్పనిసరిగా ప్రతివాదిగా చేర్చండి. అతని హక్కు పోయే కేసులో అతను లేకుండా తీర్పు రాదు, వచ్చినా నిలవదు. దాఖలు చేసేటప్పుడు విషయ వర్గీకరణ సరిగా ఉందో లేదో న్యాయవాదిని అడగండి. మున్సిపల్, పంచాయతీరాజ్, రెవెన్యూ విషయాలు వేర్వేరు న్యాయమూర్తుల రోస్టర్లలో ఉంటాయి. తప్పు వర్గంలో పడిన కేసు ఒక బెంచి నుంచి మరో బెంచికి తిరుగుతూ వారాలు పోగొట్టుకుంటుంది.

ఆరో మెట్టు: మొదటి వాయిదా, మధ్యంతర ఉత్తర్వు

తవ్వకం రేపే మొదలవుతుందంటే, ఉదయం కోర్టు కూర్చోగానే ప్రస్తావించి లంచ్ మోషన్‌కు అనుమతి కోరవచ్చు. అనుమతి దొరికితే అదే రోజు మధ్యాహ్నం విరామం తర్వాత వింటారు. సెలవు రోజైతే హౌస్ మోషన్ (న్యాయమూర్తి ఇంటి దగ్గరే విచారణ) ఉంది, వేసవి, దసరా, సంక్రాంతి సెలవుల్లో వెకేషన్ కోర్టులు ఉంటాయి. అయితే మూడు నెలల కిందటి ఉత్తర్వు మీద లంచ్ మోషన్ అడిగితే, ఇన్నాళ్ళూ ఏం చేశారన్న ప్రశ్న రావడం ఖాయం. ప్రభుత్వ ప్లీడరుకు, పంచాయతీ స్టాండింగ్ కౌన్సెల్‌కు ప్రతులు ముందే అందించి రసీదు తీసుకోండి. వారికి కాగితాలు అందలేదన్న కారణంతో మొదటి వాయిదా పోవడం ఎంత తరచుగా జరుగుతుందో చెప్పలేను.

స్టే కోరేటప్పుడు కోరికను సన్నగా చెక్కాలి. మొత్తం అనుమతిని నిలిపివేయమనడం కన్నా, "తదుపరి వాయిదా వరకు సర్వే నంబరు ఫలానాలో తవ్వకం, పూడిక చేయరాదు, భూమి ప్రస్తుత స్థితి యథాతథంగా ఉండాలి" అన్న కోరిక మంజూరు కావడానికి ఎక్కువ వీలుంది. అసలు ప్రయోజనం కూడా అదే.

స్టే వచ్చాక చాలామంది నిద్రపోతారు. ఎదుటివారు స్టే తొలగించమని పిటిషన్ వేసి మీకు ప్రతి ఇస్తే, దాన్ని రెండు వారాల్లో తేల్చాలని 226వ అధికరణం 3వ క్లాజు చెబుతోంది. ఎదుటివారి మాట వినకుండా వచ్చిన ఏకపక్ష స్టేలకు అది వర్తిస్తుంది, తేలకపోతే స్టే తొలగిపోతుందని కూడా అందులోనే ఉంది. కాబట్టి ఆ పిటిషన్ అందిన వారంలోనే మీ కౌంటరు సిద్ధం కావాలి. ఆరు నెలలు దాటితే స్టే దానంతట అదే పోతుందని 2018 నాటి ఏషియన్ రీసర్ఫేసింగ్ తీర్పును పట్టుకుని ఇప్పటికీ చెప్పేవారున్నారు. 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నియమాన్ని తొలగించింది.

అధికారులు పని కానివ్వకుండా తొక్కిపెట్టిన దరఖాస్తుదారులకూ ఒక మాట. మీ అనుమతిని కారణం చెప్పకుండా నిరాకరించినా, నెలల తరబడి తేల్చకపోయినా, రాతపూర్వక గుర్తుచేతలు రెండు ఇచ్చి మాండమస్ రిట్ (అధికారి తన విధి చేయాలని ఆదేశం కోరే రిట్) వేయవచ్చు. పైన చెప్పిన మెట్లన్నీ మీకూ వర్తిస్తాయి.

ఏడో మెట్టు: నోటీసు నుంచి తుది విచారణ వరకు

అడ్మిషన్ (కేసును విచారణకు స్వీకరించడం) అయిన రోజునే పర్సనల్ నోటీసుకు అనుమతి కోరండి. కోర్టు ద్వారా వెళ్ళే నోటీసు తిరిగి వచ్చేలోగా వాయిదాలు గడుస్తాయి. మీరే ఎకనాలెడ్జిమెంటుతో తపాలాలో పంపి, అందిన రుజువును మెమోతో దాఖలు చేస్తే సర్వీసు దశ ఒక్క వాయిదాలో ముగుస్తుంది. ఆ తర్వాత కౌంటరు దాఖలు కాకపోతే, గడువు విధించమని ప్రతి వాయిదాలో అడగాలి. కేసు వివరాలను ఈ-కోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో మీరే చూసుకోండి. వాయిదా ఏమైందని న్యాయవాదిని నెలకోసారి అడిగే కక్షిదారు కన్నా, ఫలానా ప్రతివాదికి సర్వీసు పూర్తి కాలేదని చూసి చెప్పే కక్షిదారు కేసు ముందుంటుంది.

ప్లీడింగులు (ఇరుపక్షాలు దాఖలు చేసే పిటిషన్, కౌంటరు వంటివి) పూర్తయ్యాక ముందస్తు విచారణ పిటిషన్ వేయాలి. "చాలాకాలంగా పెండింగులో ఉంది" అన్న కారణం ఒక్కటే సరిపోదు, ఆ మాట వేల కేసులకు వర్తిస్తుంది. "ఈ తొలకరికి బోదె తెరవకపోతే దిగువన ఇన్ని ఎకరాల సార్వా (మొదటి పంట) నారుమళ్ళు మునుగుతాయి" అని నీటి సంఘం లేఖతో చెబితే న్యాయమూర్తి తేదీ ఇవ్వడానికి ఆధారం దొరుకుతుంది. కింది కోర్టు దావాను ఫలానా గడువులో తేల్చమని 227వ అధికరణం కింద హైకోర్టును అడిగే పద్ధతి ఉంది. కానీ మామూలు కేసుల్లో అలాంటి గడువులు విధించరాదని 2024 తీర్పులోనే సుప్రీంకోర్టు అన్నది కాబట్టి, అసాధారణ పరిస్థితి చూపగలిగితేనే ఆ దారి పట్టండి.

సివిల్ దావా వేసినవారికి

ప్రభుత్వం మీద దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఉండాలి. అత్యవసరమైతే 80(2) కింద కోర్టు అనుమతి తీసుకుని వెంటనే వేయవచ్చు, అనుమతి కోరకుండా వేస్తే ప్లెయింటు తిరిగి చేతికి వస్తుంది. ఎదుటివారికి తెలియకుండా తాత్కాలిక ఇంజంక్షన్ వస్తే, 39వ ఆర్డరు 3వ రూలు ప్రకారం ఆ రోజే, కాకపోతే మర్నాడే ప్రతులన్నీ వారికి పంపి అఫిడవిట్ వేయాలి. ఇది చేయని కారణంగా మంచి ఇంజంక్షన్లు రద్దయ్యాయి. అలాంటి పిటిషన్‌ను 30 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలని 3ఏ రూలు చెబుతోంది, దాన్ని గుర్తు చేస్తూ ఉండండి. 26వ ఆర్డరు 9వ రూలు కింద అడ్వొకేట్ కమిషనరును మొదటి వారంలోనే కోరండి. "సాక్ష్యం సేకరించడానికి" అని రాస్తే కొట్టేస్తారు. "గట్టు ఎత్తు, బోదె స్థితి, నీటి ప్రవాహ దిశ వంటి భౌతిక లక్షణాలను సర్వేయరు సహాయంతో నమోదు చేయడానికి" అని రాయాలి. ఎదుటివారు కేవియట్ (తమ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందుగా వేసే వినతి) వేశారేమో ముందే చూసుకోండి, దాని ప్రాణం 90 రోజులు.

మహిళలు, ఎస్సీ, ఎస్టీ కక్షిదారులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మండల న్యాయ సేవా కమిటీ సాధారణంగా కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: ఉత్తర్వు చేతికి వచ్చాక

"పిటిషనర్ల వినతిని ఇన్ని వారాల్లో పరిశీలించి తగిన ఉత్తర్వు ఇవ్వాలి" అంటూ చాలా రిట్లు మొదటి వాయిదాలోనే ముగుస్తాయి. త్వరగా తేలినందుకు సంతోషపడతారు గాని, ఆ వారాల్లో చెరువు తవ్వడం పూర్తయితే ఆ పరిశీలనకు అర్థం ఉండదు. అందువల్ల అలాంటి ముగింపు వస్తున్నదని తెలిసిన క్షణంలోనే, పరిశీలన పూర్తయ్యే దాకా యథాతథ స్థితి ఉండాలని, వినికిడి అవకాశం ఇవ్వాలని, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలని మూడు మాటలూ తీర్పులో చేర్పించమని అడగాలి. అనుమతి రద్దు చేసి మళ్ళీ విచారించమని కింది అధికారికి పంపినప్పుడూ ఇంతే. గడువు తేదీ లేని రిమాండ్ మళ్ళీ మొదటి మెట్టుకే తీసుకొస్తుంది.

గడువు దాటినా అధికారి కదలకపోతే కోర్టు ధిక్కార పిటిషన్‌కు 1971 నాటి చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఏడాది లోపే రావాలి. ఆ పిటిషన్ నిలబడాలంటే, ఉత్తర్వు ఆ అధికారికి ఏ రోజున అందిందో రుజువు ఉండాలి. కాబట్టి నకలు వచ్చిన రోజునే పంచాయతీ కార్యదర్శికి, తహసీల్దారుకు, అనుమతి ఇచ్చిన కార్యాలయానికి, పని ఆపవలసి ఉంటే పోలీసు స్టేషనుకు స్వయంగా వెళ్ళి ఇవ్వండి. తపాలాలో కూడా పంపండి. మీ దగ్గర మిగిలే ప్రతి మీద తీసుకున్నవారి సంతకం, హోదా, తేదీ, సమయం, కార్యాలయ ముద్ర అన్నీ పడ్డాకే ఆ కార్యాలయం మెట్లు దిగండి.